లింబగుడ రైలు కట్ట

లింబగుడకి రైలు నడిచింది ఆరేళ్లే. ఒరిస్సా వేరే రాష్ట్రమైన ఏడు మొదలైంది, యుద్ధం ముదిరిన ఏడు ఆగిపోయింది. కొండల్లోంచి దుంగలు దింపుకోడానికి ఒక కలప కంపెనీ రాయగడ నుంచి వేసుకున్న చిన్న లైను అది. ముందు దుంగల బళ్లు, వెనకాల మనుషుల కోసం రెండు పెట్టెలు. ఎత్తు వచ్చినచోట జనం దిగి పక్కన నడిచేవారు, పల్లం రాగానే మళ్లీ ఎక్కి కూచునేవారు. అయినా రైలు రైలే. దాని పుణ్యమా అని లింబగుడలో సంత పుట్టింది, ఉప్పు చవకయింది. భూమి వెతుక్కుంటూ శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చిన తెలుగు రైతులు గెడ్డ అనే కొండవాగు వారన ఇళ్లు కట్టుకున్నారు.

గౌరీశ్వరి కాపరానికి వచ్చింది ఆ రైలు పెట్టెలోనే. ఆమె మొగుడు జగ్గారావు ఆ లైను మీద గ్యాంగు కూలీ. ఊరికి ఇవతల, గెడ్డ మీది ఇనపవంతెన పక్కనే, కంపెనీ ఇచ్చిన గుడిసెలో కాపరం పెట్టారు. పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని అతను పట్టాల వెంట వెళ్లేవాడు. సుత్తి చప్పుడు దూరమయ్యేదాకా వింటూ ఆమె పొయ్యి రాజేసేది. జగ్గారావు అన్న గున్నయ్య ఊళ్లో వరి పండించేవాడు. తమ్ముడికి నెలజీతం ఉందని గున్నయ్యకి లోపల గర్వం, పైకి మాత్రం, "ఇనుముకి ఊడిగం సేత్తన్నాడు మావోడు" అని నవ్వేవాడు.

కూతురు అమ్మడు పుట్టి పాకే వయసుకి వచ్చేసరికి లైను మూసేస్తున్నారని తెలిసింది. యుద్ధానికి ఇనుము కావాలట. ఇక్కడి పట్టాలు ఊడదీసి, విశాఖపట్నంలో ఓడెక్కించి, ఎక్కడో బస్రా అనే చోట పరుస్తారట. ఆ పని పట్టిన కాంట్రాక్టరు, పట్టాలు వేయడం తెలిసిన మనుషులు కూడా కావాలన్నాడు. రెట్టింపు జీతమన్నాడు. జగ్గారావు పేరు ఇచ్చేశాకే ఇంట్లో చెప్పాడు.

"సముద్రం దాటాలంట కదా?" అంది గౌరీశ్వరి.

"పట్టాలు దాటతాయి, నాను దాటలేనేటి? ఆరు నెల్లు. అక్కడ ఏసీసి వొచ్చెత్తాను."

"మరి ఇక్కడో?"

"యుద్ధమైపోతే ఇక్కడా ఏత్తారు. కట్ట ఎక్కడికి పోద్ది? కట్ట ఉన్నాదంటే రైలు వొస్తాది."

పట్టాలు ఊడదీయడం లింబగుడ చివరి నుంచే మొదలైంది. ఊడదీసినవి ఊడదీసినట్టు బండి మీద పడేసేవారు, బండి కాస్త వెనక్కి జరిగేది. అలా రైలు రాయగడ వైపు వెనక్కి వెనక్కి పోతూ, తన దారిని తనే ఎత్తుకుపోయింది. వంతెన దూలాలు కూడా విప్పేశారు. ఊడదీసేవాళ్లలో జగ్గారావు ఉన్నాడు గనక కొన్నాళ్లు సాయంత్రానికి ఇంటికి వచ్చేవాడు. తర్వాత దూరం పెరిగి వారానికోసారి వచ్చాడు. ఆ తర్వాత రాలేదు.

యుద్ధం అయిపోయింది. దేశానికి స్వతంత్రం వచ్చింది. జగ్గారావు రాలేదు, కబురూ రాలేదు. గున్నయ్య రాయగడ పోయి అడిగితే కాంట్రాక్టరు ఎప్పుడో దుకాణం ఎత్తేశాడన్నారు. విశాఖపట్నం పోయి అడిగితే, ఏ ఓడ, ఏ నెల అని వాళ్లే ఎదురడిగారు. గున్నయ్య ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. మూడోనాడు అతని పెళ్లాం ఎర్రమ్మ, తోడికోడలి దగ్గర కూచుని మెల్లగా మొదలెట్టింది.

"ఒలే గౌరీ, ఎన్నాళ్లని సూత్తావు? సేయాల్సింది సేసీసి, ఒక దుక్కం అనుకోవాల."

"మనిషి పోనాడని ఎవులైనా సూసేరా అప్పా?"

"సూడలేదు."

"మరేటి సేయమంతావు?"

ఆ మాట ఇంక ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. గౌరీశ్వరి బొట్టూ గాజులూ అలాగే ఉండిపోయాయి. శుభకార్యాలకి ఆమెని పిలవాలో మానాలో తెలియక జనం ఇబ్బంది పడేవారు. ఆమే సులువు చేసింది, ఎక్కడికీ వెళ్లడం మానేసింది.

బతకాలి కదా మరి. గుడిసె ముందు నుంచి పాత స్టేషను దాకా కట్ట ఖాళీగా పడుంది. కంకర రాళ్ల మధ్య గడ్డి కూడా సరిగా మొలవదు. గౌరీశ్వరి ఆ రాళ్లు ఏరడం మొదలెట్టింది. తట్టతో ఎత్తి కట్ట వారన పోసేది. గెడ్డలోంచి ఒండ్రుమట్టి తెచ్చి పైన పరిచేది. మొదటేడు మూడు బారల మేర ఉలవలు చల్లింది. మరుసటేడు ఇంకాస్త. వానకి మట్టి జారిపోయేది, మళ్లీ మోసేది. అమ్మడు నడక నేర్చింది, మాటలు నేర్చింది, తల్లితో పాటు రాళ్లు ఏరడం నేర్చింది. అమ్మడు పెద్దమనిషి అయ్యేనాటికి స్టేషను దాకా సన్నగా, పొడుగ్గా ఒక చేను తయారైంది. అంత వింత చేను ఆ చుట్టుపక్కల లేదు. వెడల్పున అటూ ఇటూ నాలుగడుగులు వేస్తే అయిపోతుంది, పొడుగున నడిస్తే కాళ్లు నొప్పెడతాయి. అందులో మిరప బాగా కాసేది. కొండ మీది ఊళ్లవాళ్లు ఉప్పుకీ మిరపకాయలకీ కందులు ఇచ్చి పోయేవారు.

అమ్మడిని మాచ్‌ఖండ్‌లో ఇచ్చారు. అల్లుడు ఢిల్లీశ్వరరావు అక్కడి కరెంటు ప్రాజెక్టులో పనివాడు, నెమ్మదైన మనిషి. "మాతో వొచ్చేయండి అత్తా, క్వార్టరు ఇచ్చేరు" అని రెండుసార్లు అడిగాడు. చేను విడిచి ఎలా వస్తానంది గౌరీశ్వరి. అది చేను మాట కాదని అమ్మడికి తెలుసు. అయినా బలవంతం చేయలేదు.

ఈలోగా లింబగుడ పాడుబడుతూ వచ్చింది. సంత రోడ్డు పక్క ఊరికి మారిపోయింది. షావుకారు కొట్టు కట్టేసి గుణుపురం పోయాడు. స్టేషను రేకులు ఎవరో పట్టుకుపోయారు, అరుగు మీద మేకలు పడుకునేవి. పెద్ద రోగం వస్తే డోలీ కట్టి మోసుకుపోవాలి. అలా మోసుకుపోయినవాళ్లలో సగం మంది దారిలోనే పోయేవారు. మిషను బడిలో పిల్లలు ఏటికేడాదీ తగ్గుతున్నారు. ఆ బడి మేస్టారు ఏలీయాది కోస్తా వైపు క్రైస్తవ కుటుంబం. భార్య ఏసమ్మ అదే మిషను వాళ్ల చిన్న ఆసుపత్రిలో నర్సు. ఏలీయాకి ఊరంటే ప్రాణం. బడి మూతపడుతుందేమోనన్న భయం ఆయన్ని నిద్రపోనిచ్చేది కాదు.

ఆ రోజుల్లోనే, ఒక మార్గశిరం పొద్దున, ముక్కాలిపీట మీద దుర్భిణీ పెట్టుకుని సర్వే వాళ్లు కట్ట మీద ప్రత్యక్షమయ్యారు.

ఊరు ఊరంతా వాళ్ల చుట్టూ మూగింది. ఇంజనీరు కుర్రవాడే, మర్యాదస్తుడు. హిందీలో మాట్లాడాడు, ఏలీయా తెలుగులో చెప్పాడు. కొండల్లో కొత్త లైన్లు వేయాలని సర్కారు చూస్తోందట. పాత కట్ట ఉన్న దారులు కూడా కొలుస్తున్నారట. వేస్తారో లేదో తాను చెప్పలేడట.

"పాత కట్టకి ఖర్సు తక్కువే గదా?" అని అడిగించాడు గున్నయ్య.

కట్ట మిగిలిన మేర తక్కువే, తెగిపోయినచోట, చదునైపోయినచోట ఎక్కువ అన్నాడు ఇంజనీరు. అంటూ గౌరీశ్వరి మిరపచేను వైపు చూశాడు. ఆ చూపు ఊరంతా చూసింది.

వాళ్లు రెండు రోజులుండి వెళ్లిపోయారు. 'చెప్పలేను' అన్న ముక్క కూడా వాళ్లతోనే వెళ్లిపోయింది, రైలు వస్తుందన్న మాట ఒక్కటే ఊళ్లో మిగిలింది. ఇంకో జట్టు పెద్ద ఆఫీసర్లతో వస్తుందనీ, అప్పటికి కట్ట శుభ్రంగా కనపడితే లైను మనకే పడుతుందనీ ఏలీయా చెప్పాడు. కంకర తిరిగి కట్ట మీదికి చేర్చాలి. వంతెన పోయాక గెడ్డ వానలకి కోసేసిన గండి పూడ్చాలి. అన్నిటికంటే ముందు మిరపచేను తీసేయాలి.

ఆ మాట అడగడానికి ఏలీయా ఒక్కడే వచ్చాడు. గుడిసె ముందు నిలబడి కాసేపు తువ్వాలు మడతలు పెట్టాడు.

"గౌరమ్మా, మిమ్మల్ని అడగడానికి నాకు నోరు రావటం లేదు."

"తెలుసు మేస్టారూ. సేను కోసమే గదా?"

"మీ కష్టం ఎంతో నాకు తెలుసు. మీరు వద్దంటే ఊళ్లో ఇంకెవరూ మిమ్మల్ని అడక్కుండా చూసుకుంటాను."

గౌరీశ్వరి చేట కింద పెట్టింది. "రైలొస్తే పట్టాలు ఎక్కణ్ణించి తెత్తారు?"

"ఫ్యాక్టరీలో కొత్తవి చేస్తారమ్మా ఇప్పుడు."

"పాతవి మరి తేరా?"

ఆమె ఏం అడుగుతోందో అర్థమై ఏలీయా తల దించుకున్నాడు. ఆమెకి పిచ్చేం లేదు. పోయిన ఇనుము తిరిగి రాదని ఆమెకీ తెలుసు. కానీ కట్ట ఉంటే రైలు వస్తుందన్నవాడు ఒకడున్నాడు. ఆ మాటలో సగమైనా నిజమైతే చాలని ఆమె ఇన్నేళ్లుగా ఎదురు చూస్తోంది. సగం నిజమైతే, తక్కిన సగం, మనిషి తిరిగొచ్చే సంగతి, అప్పుడు చూసుకోవచ్చు.

"రేపటికి పీకెత్తాను" అంది.

మిరప అప్పుడు నిండు కాపు మీద ఉంది. ఎర్రమ్మ వచ్చి లబలబలాడింది. "ఒక్క నెలాగు, పండనీ! పచ్చికాయ కోసీసి ఏటి సేసుకుంతావు?" గౌరీశ్వరి వినలేదు. చేతికందిన కాయ కోసి, మొక్క మొక్కా వేళ్లతో సహా పీకేసింది. అరచేతులు మంటలెత్తి ఆ రాత్రి అంబలి గిన్నె పట్టుకోలేకపోయింది.

మర్నాటి నుంచి ఊరంతా కట్ట మీదే. అన్ని కష్టాల మధ్యా లింబగుడ ఆ నెల రోజులు నవ్వింది. ఆడవాళ్లు వరస కట్టి, ఇన్నేళ్లూ గౌరీశ్వరి ఏరిపోసిన కంకరని తట్టలతో వెనక్కి చేరవేశారు. కొండ మీది నుంచి కూడా మనుషులు దిగి వచ్చారు, రైలొస్తే ఉప్పు చవకవుతుందన్న ఆశ వాళ్లది. ఏసమ్మ పెద్ద దబరాతో టీ కాచేది. గండి పూడ్చడానికి గున్నయ్య తన బండీ ఎడ్లూ తోలుకొచ్చాడు. మట్టి మోసి మోసి ఎడ్ల మెడలు వాచిపోతే, సాయంత్రం తనే వేడినీళ్లతో కాపడం పెట్టేవాడు. నీళ్లు పోడానికి అడుగున రాళ్లతో చిన్న తూము కట్టారు. అది చాలా అని ఎవరూ అడగలేదు. అది వానలు లేని కాలం, గెడ్డలో నీళ్లు చీలమండ దాకా కూడా లేవు.

"మావోడుంటే ఇయ్యాల సుత్తట్టుకుని ముందుండేవోడు" అన్నాడు గున్నయ్య, పూడ్చిన గండి మీద నిలబడి. తమ్ముడి ఊసు అతను తనంతట తాను ఎత్తడం ఎన్నో ఏళ్ల తర్వాత అదే. గౌరీశ్వరి కొంగుతో ముఖం తుడుచుకుని అటు తిరిగింది.

పెద్ద ఆఫీసర్లు రాలేదు. ఉగాది వెళ్లింది, మామిళ్లు అయిపోయాయి. ఉండబట్టలేక ఏలీయా రాయగడ వెళ్లాడు. తిరిగి వచ్చిన సాయంత్రం స్టేషను అరుగు మీద అందరినీ పిలిచి, దాపరికం లేకుండా చెప్పేశాడు.

"లైను మనకి పడలేదు. ఇనపరాయి తోలడానికి వేరే వైపు పెద్ద లైను వేస్తున్నారు. డబ్బంతా దానికే. మన కట్ట సంగతి మళ్లీ ఎత్తరట."

ఆయన్ని తిట్టి ఉంటే ఆయనకే బాగుండేది. కొండవాళ్లు ముందు లేచారు, తర్వాత ఆడవాళ్లు. చివరికి అరుగు మీద ఏలీయా, గున్నయ్య, గౌరీశ్వరి మిగిలారు.

"గండి మళ్లీ తవ్వించేద్దామా?" అన్నాడు ఏలీయా.

"ఎవులు తవ్వుతారు మేస్టారూ? ఆ పారట్టుకోడానికి ఎవులికి సేతులొస్తాయి?" అన్నాడు గున్నయ్య. "ఉండనీండి. బండి తోలుకోడానికైనా పనికొస్తాది."

గౌరీశ్వరి కట్ట వెంట ఇంటికి నడిచింది. కంకర కాళ్లకి గుచ్చుకుంటోంది. ఇన్నేళ్లలో ఆ దారి ఎప్పుడూ అంత పొడుగ్గా అనిపించలేదు.

ఆ ఏడు శ్రావణంలో వాన పట్టిందంటే వదల్లేదు. కొండ మీద ఎక్కడెక్కడి నీళ్లూ గెడ్డలోకి దిగాయి. తూము దుంగలతో, చెత్తతో పూడుకుపోయింది. పోయే దారి లేక నీళ్లు కట్టకి ఎగువన నిలవడం మొదలెట్టాయి. అక్కడే గున్నయ్య వరిమడులు. నాటు వేసి నిండా నెల కాలేదు. మధ్యాహ్నానికి గట్లు మునిగాయి. ఇంకాసేపటికి నీళ్లు ఊళ్లోని మొదటి ఇళ్ల అరుగులు తాకాయి.

గౌరీశ్వరి గుడిసె గండి పక్కనే కదా, ముందు చూసింది ఆమే. గునపం తీసుకుని, వానలో, తాము పూడ్చినచోటికి వెళ్లి తవ్వడం మొదలెట్టింది. మట్టి నానిపోయి ఉంది, పోటు వేస్తే గునపం మూరెడు దిగుతోంది. ఊరివాళ్లు పారలతో పరుగెత్తుకొచ్చేసరికి మోకాలి లోతు కాలవ పడింది. సన్నగా నీళ్లు అందులోకి ఎక్కాయి.

గున్నయ్య ముందుకొచ్చి ఆమె జబ్బ పట్టుకుని లాగాడు.

"తప్పుకో అమ్మీ! నీ వల్ల కాదు, ఇలాగియ్యి గునపం."

"నాను తవ్వుతాను బావా, నువ్వెల్లి ఎడ్లిప్పు."

"ఇప్పేసేను. ఎనక్కెల్లు, బేగెల్లు!"

గునపం అతని చేతిలోకి పోయింది. ఆమె పది అడుగులు వెనక్కి వచ్చింది. అతను రెండు పోట్లు పొడిచాడు. మూడోది పొడిచేలోగా అతని కాళ్ల కింది మట్టి, చప్పుడు కూడా లేకుండా, ఒక్కసారిగా జారిపోయింది. ఆగి ఉన్న నీళ్లన్నీ ఆ సందులోంచి దూకాయి. అతను చెయ్యెత్తినట్టు కొందరికి కనిపించింది. గౌరీశ్వరికి ఏమీ కనిపించలేదు, ఎర్రటి నీళ్లు తప్ప.

మర్నాడు వాన తెరిపిచ్చాక దిగువన వెదురుపొదల్లో దొరికాడు.

ఎర్రమ్మ ఏడవలేదు. శవాన్ని ఇంటి ముందు దింపాక, గుంపు చివర నిలబడ్డ గౌరీశ్వరి దగ్గరికి నడిచి వచ్చింది.

"నీ మొగుడు తిరిగొస్తాడని కట్ట కట్టేరు. ఆ కట్టకి నా మొగుణ్ణిచ్చేను. సల్లగున్నావా ఇప్పుడు?"

ఏసమ్మ ఎర్రమ్మని పొదివి పట్టుకుని తీసుకుపోయింది. ఊరంతా కలిసి కట్టిందని గౌరీశ్వరి అనొచ్చు. కట్టడానికి బండి తోలింది గున్నయ్యేనని అనొచ్చు. కానీ అతను తీసుకుంది తన చేతిలో గునపం. అతను నిలబడింది తను నిలబడ్డ చోట. ఆ ఒక్కటీ కాదనడానికి ఏ మాటా లేదు.

పెద్దకర్మ అయ్యేదాకా గౌరీశ్వరి ఎర్రమ్మ గడప బయటే ఉండి నీళ్లు మోసింది, అంట్లు తోమింది. ఎర్రమ్మ ఆమెని రమ్మనలేదు, పొమ్మనలేదు. చివరిరోజు వచ్చినవాళ్లు తిన్న విస్తళ్లు ఎత్తి, చేతులు కడుక్కుని, "అప్పా, ఎల్లొస్తాను" అంది. ఎర్రమ్మ గోడకి ఆనుకుని అటు తిరిగి ఉంది. "ఎల్లు" అంది తిరక్కుండానే.

మరుసటేడు బడి మూతపడింది. ఏలీయాకి లమ్తపుట్‌లో పని ఇచ్చారు. ఆయనా ఏసమ్మా రోడ్డు దాకా నడిచి ఎక్కిన బస్సులోనే గౌరీశ్వరి కూడా ఎక్కింది, మాచ్‌ఖండ్ ఆ దారినే. అమ్మడికి నెలలు నిండుతున్నాయి, తల్లిని రమ్మని కబురు పెట్టింది. కొండ మలుపుల్లో ఏసమ్మకి వాంతులయ్యాయి, గౌరీశ్వరి ఆమె తల పట్టుకుంది. ఏలీయా దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూశాడు. లమ్తపుట్‌లో దిగేటప్పుడు మాత్రం వెనక్కి తిరిగి, చేతులు జోడించి, అలాగే నిలబడిపోయాడు. "సాల్లెండి మేస్టారూ" అంది గౌరీశ్వరి మెల్లగా. "పిల్లలకి సదువు సెప్పండి. బస్సు కదిలిపోతాది, దిగండి."

మాచ్‌ఖండ్ కాలనీలో ఇళ్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అన్నిట్లో కరెంటు దీపాలు. రాత్రీ పగలూ కొండ కిందినుంచి మిషన్ల హోరు. మనవరాలు పుట్టింది. పిల్లకి నలుగు పెట్టి నీళ్లు పోసి, ఎండ పొడకి వాకిట్లో కూచునేది గౌరీశ్వరి. పక్క క్వార్టరులోకి కొత్తగా వచ్చినావిడ పేరు పుణ్యవతి. ఆమెది బొబ్బిలి వైపు ఊరు, కలుపుగోలు మనిషి. పిల్లని చూడ్డానికి వచ్చి పక్కన చతికిలబడింది.

"మీదే ఊరండీ పెద్దమ్మా?"

"లింబగుడ. రాయగడ అవతల."

"ఇన్లేదండీ. బస్సు దారేటి?"

"కాదు. నడవాల."

"మరి పెద్దయ్యగారు అక్కడే ఉండిపోనారా? సేలు సూసుకుంతన్నారేటి?"

గౌరీశ్వరి ఒళ్లోని పిల్ల వైపు చూసింది. పిల్ల పిడికిలి బిగించుకుని నిద్రపోతోంది. ఈ ప్రశ్న ఎవరడిగినా, 'పనికెల్లేడు, వొస్తాడు' అనే జవాబు ఆమెకి నోటి చివర సిద్ధంగా ఉండేది. అమ్మడు కూడా అదే జవాబు వింటూ పెరిగింది.

"లేడమ్మా" అంది. "పోనాడు."

"అయ్యో. ఎన్నాళ్లయిందండీ?"

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, ఏ ఏడు అనుకోవాలా అని. "సెప్పలేనమ్మా" అంది చివరికి.

లోపల రోట్లో పచ్చడి నూరుతున్న చప్పుడు ఆగిపోయింది. అమ్మడు చేతులు కడుక్కోకుండానే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తల్లి అటు తిరిగి చూడలేదు. పుణ్యవతి ఏదో తోచక, పిల్ల ముక్కు ఎవరి పోలికా అని అడిగింది.